తడి మూల గంధరాజాలు

వెనక వసారా నుంచి

వదిన గారికి,

నమస్కారం. ఆ రోజు ఎలా గడిచిందో ఉన్నదున్నట్టు రాయమన్నారు. ఫోన్లో మీకు సగం వినపడదు. వినపడిన సగమూ నేను సరిగ్గా చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఉదయం మీ చెల్లెలు టీ అడిగింది. సగం తాగి, చక్కెర ఎక్కువైందని పక్కన పెట్టింది. వసారాలో కూర్చుంటానంది. కుర్చీలో రెండు దిండ్లు వేసి, కాళ్ళ కింద ముక్కాలిపీట పెట్టాను. ఆక్సిజన్ యంత్రం గొట్టం అక్కడిదాకా అందుతుంది. గంధరాజం పొదల వైపు తిరిగి కూర్చుంది. మొగ్గలు ఇంకా విచ్చలేదు. నేను ఎదురుగా నిలబడి దుప్పటి సర్దుతుంటే, "తప్పుకోండి, గుమ్మమంత మనిషి అడ్డం నిలబడితే గాలెలా వస్తుంది?" అంది. తప్పుకున్నాను.

మధ్యాహ్నం నర్సు వచ్చి సూది వేసింది. వెళ్తూ వీధి గుమ్మం దగ్గర ఆగి, "సార్, ఎవరికైనా చెప్పాలనుకుంటే ఇప్పుడే చెప్పండి" అంది. అప్పుడే మీకు ఫోన్ చేశాను. మీరు వెంటనే బయలుదేరారు. రైలు ఆలస్యం మీ చేతిలో లేదు. ఆ సంగతి మీరు ఇంక తలవకండి.

సాయంత్రం తడి తువ్వాలు మంచం కోడు మీద వేశాను. "అక్కడ వేయకండి, చెక్క పాడవుతుంది" అంది. తర్వాత మాట్లాడలేదు. శ్వాసకీ శ్వాసకీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. నేను చేయి పట్టుకుని కూర్చున్నాను. ఒకసారి ఆ ఎడం అలాగే ఉండిపోయింది. యంత్రం మాత్రం నడుస్తూనే ఉంది. ఆపాలని నాకు తోచలేదు. మీరు వచ్చాక ఆపారు.

చివరి మాటలేమైనా చెప్పిందా అని అడిగారు. మంచం కోడు సంగతే చెప్పింది.

నేను బాగున్నాను. ఆఫీసుకు వెళ్తున్నాను. వెనక మూల తడి ఎక్కువగా ఉంది. దాని సంగతి చూడాలి.

మీ మరిది

*

మేడ మీది గది నుంచి

మరిదిగారికి,

మీ ఉత్తరం చదివాను, మడిచాను, మళ్ళీ విప్పి చదివాను. మంచం కోడు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నవ్వొస్తోంది, ఆ నవ్వు తిన్నగా ఉండక ఏడుపులోకి దిగుతోంది. చిట్టి అంటే అదే. ప్రాణం పోతున్నా సరే, చెక్క పాడవకూడదు.

ఉద్యోగమున్నన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరందరి మాటలూ ఈ చెవుల మీదుగా పంపినదాన్ని. ఇప్పుడు చెల్లెలి మొగుడితో మాట్లాడాలంటే కలం పట్టాల్సొచ్చింది. పోనీలెండి, చెవులు బాగున్న రోజుల్లో మాత్రం మీరు నాతో ఏం మాట్లాడారు గనక? "ఊఁ", "సరే", "ఇదిగో మీ చెల్లెలికిస్తున్నా."

"బాగున్నాను" అన్నారు. నేను నమ్మను. పెళ్ళి రోజున ఒళ్ళు కాలిపోయే జ్వరంతో పీటల మీద కూర్చుని కూడా ఇదే మాటన్నారు.

సరే, అసలు సంగతి. వెనక మూల "సంగతి చూడాలి" అన్నారే, అది చదివి నా గుండె గుభేలుమంది. మీరు కాలువల ఇంజనీరు. మీరు ఒకదాని సంగతి చూశారంటే అందులో నీటి చుక్క మిగలదు. చిట్టి ఎప్పుడూ అనేది: "అక్కా, ఆయనకి నీళ్ళు కనిపిస్తే చాలు, ఎటో ఒకవైపు తోలేదాకా అన్నం సహించదు. ఈ మూల ఒక్కటీ నాకొదిలేయమని మాట తీసుకున్నా."

ఆ మాట ఇంకా చెల్లుతుందనే అనుకుంటున్నాను.

మీరు ఆ ఇంట్లో దిగినప్పుడు తడిగుడ్డలో చుట్టి నేనిచ్చిన కొమ్మలవి. వేళ్ళు నీళ్ళలో నానితే కుళ్ళుతాయని చిట్టి చిన్న చిన్న దిబ్బలు పోసి, ఎండుటాకుల ఎరువు కలిపి, దిబ్బల నెత్తిన నాటింది. మొదలు పొడిగా ఉండాలి, వేళ్ళు కిందికి దిగి తడి తాగాలి. అందరూ నీళ్ళు నిలిచే చోటని ముఖం తిప్పుకుంటే అది అక్కడే ఇల్లంతా వాసనొచ్చే పొదలు లేపింది. నా దగ్గరున్నవి పెరటికి బండలు పరిచినప్పుడే పోయాయి. ఇప్పుడున్న గదికి కిటికీ తప్ప నేల లేదు. ఆ రకం నర్సరీల్లో దొరకదు, వెతికాను. రేకులు తక్కువ, వాసన ఎక్కువ. ఇక మీ మూలలో ఉన్నవే.

వానలు పడ్డాక నాకో కొమ్మ కావాలి. కుండీలో పెట్టుకుని కిటికీలో ఉంచుకుంటాను. అందాకా వాటిని కదపకండి.

మీ వదిన

*

ఆఫీసు నుంచి, భోజనాల వేళ

వదిన గారికి,

మూల పని పూర్తయింది. దిబ్బలు కదపలేదు. వాటి మధ్యగా కందకం తవ్వి, చిల్లుల పైపు పరిచి, చుట్టూ కంకర నింపాను. ఎగువ వీధి నీరంతా నేల లోపల దారి చేసుకుని మన మూలలో తేలుతోంది. ఇన్నేళ్ళూ ఎండాకాలంలో కూడా అక్కడ చెప్పు దిగబడేది. ఇప్పుడు దుమ్ము లేస్తోంది. గోడకు పట్టిన పాచి ఎండి పెచ్చులుగా రాలిపోయింది.

తెల్లవారుతూనే లేచి పనిలో పడుతున్నాను. ఇంట్లో తలుపులన్నీ ఊడదీసి కీళ్ళకు నూనె పెట్టాను. వంటింట్లో అరలు దించి, గోడకు సున్నం వేసి, మళ్ళీ అక్కడే బిగించాను. మంచం కిటికీ దగ్గరికి జరిపాను. నిన్న మళ్ళీ పాత చోటికి జరిపాను.

పైపు నీళ్ళు పక్కసందులోని కాలువలోకి వదిలాను. ఆ కాలువ అవతలింటి దర్జీ వైపు కొంచెం కుంగి ఉంది. నేను చూసుకోలేదు. నిన్న గోడ మీంచి తల పెట్టి పిలిచాడు.

"సార్, మీ ఇంటి చెరువు మా ఇంటికి కాపురానికొచ్చింది. మా ఆవిడ కుట్టుమిషను తొక్కుతుంటే పాదాలు తడుస్తున్నాయి."

"సరిచేస్తాను" అన్నాను.

"సరిచేయడం కాదు గానీ, అమ్మగారున్నప్పుడు ఆ నీళ్ళు మీ దగ్గరే బుద్ధిగా ఉండేవి కదా. ఇప్పుడేమైంది?"

అతను కాసేపు పొదల వైపు చూశాడు.

"ఈసారి గోడ దాటి వాసన రాలేదండీ. మా ఆవిడ అడుగుతోంది, పూలు కోసేస్తున్నారా అని."

కోయడం లేదు. మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి. ఎండగాలికి కావచ్చు. కాలువ కుంగిన చోట సాయంత్రం ఇటుక వరస వేశాను. ఇప్పుడు అతనికి ఇబ్బంది లేదు.

మీ మరిది

*

మేడ మీది గది

ఇంజనీరు గారికి,

గాలికి కాదు. మీకూ తెలుసు గాలికి కాదని.

గంధరాజం వేళ్ళకి తడి అందకపోతే మొదట రాలేవి మొగ్గలే. పనిగట్టుకుని మరీ చెప్పాను, కదపకండి అని. మీరేమో "దిబ్బలు కదపలేదు" అని రాశారు! ఇల్లు కూల్చి గడప కదపలేదు అన్నట్టుంది. అది వెళ్ళిపోయి ఎన్నాళ్ళయిందని? దాని చేతి మట్టి ఇంకా ఆరనేలేదు, మీరు పూనుకుని ఆరబెట్టారు.

ఎందుకు చేశారు? కోపంతో అడగట్లేదు. కాదు, కోపంతోనే అడుగుతున్నా. కానీ జవాబు నిజంగానే కావాలి. కందకం, కంకర, చిల్లుల పైపు, అన్నీ రాశారు. ఎందుకన్నది ఒక్కటీ రాయలేదు.

అదలా ఉంచండి, ముందు పొదల సంగతి. పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పోయండి. ఆకులు పాలిపోతుంటే మొదళ్ళలో కట్టెల బూడిద చల్లితే బలమట. కింది వాటావిడ చెప్పింది, ఆవిడ మేడ మీద కూరమొక్కలు బాగా పెంచుతుంది. తిరుగు ఉత్తరంలో ఎలా ఉన్నాయో చెప్పండి. ఏ పొద ఎలా ఉందో విడివిడిగా రాయండి. "బాగున్నాయి" అని రాశారంటే మాత్రం ఈ వయసులో రైలెక్కి వచ్చి మిమ్మల్ని ఆ కందకంలోనే నిలబెడతాను.

వదిన

*

వెనక వసారా

వదిన గారికి,

విడివిడిగా రాస్తున్నాను. గోడవార పొద చచ్చిపోయింది. కొమ్మ విరిస్తే పుల్లలా విరిగింది. దాని పక్కదానికి కింది ఆకులన్నీ రాలాయి. వసారాకు దగ్గరగా ఉన్నది మిగిలింది, కానీ దాని ఆకులు పసుపు పచ్చబడ్డాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. మీరు చెప్పినట్టు బూడిద వేశాను. వేశాకే ఎక్కువైంది. మా ఆఫీసులో మట్టి పరీక్షలు చేసే ఆయన్ని అడిగాను. గంధరాజానికి ఆమ్లగుణమున్న పులుపు నేల కావాలట, బూడిద దానికి విరుగుడట. మీరు తెలిసి చెప్పలేదు. వేసింది నా చేయి.

ఎందుకు అని అడిగారు.

పరీక్షల కోసం తను మీ ఊరు రావడానికి చాలాముందు, ఇక్కడి డాక్టరు తన వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "ఇంట్లో తేమ ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. "తగ్గించుకోండి" అన్నాడు. ఆ సాయంత్రమే పైపు తెస్తానన్నాను. తను వద్దంది. "పొదలు పోతాయి" అంది. పొదలు పోతే పోనీ అన్నాను. ఆ వారమంతా నాతో ముక్తసరిగా మాట్లాడింది. నేను ఊరుకున్నాను. తర్వాత ప్రతి ఏడాదీ దగ్గు కొంచెం పెరిగింది, ప్రతి ఏడాదీ ఆ మూల తడిగానే ఉంది. నా ఉద్యోగం ఊళ్ళో అందరి ఇళ్ళ నుంచి నీళ్ళు బయటికి పంపడం. మా ఇంట్లో మా ఆవిడ ఊపిరి పక్కన ఉన్న నీళ్ళని పంపలేదు.

ఆ నీళ్ళే తనని తీసుకుపోయాయి. అందుకే తీసేశాను. దీన్ని ఇంకోలా రాయడం నాకు చేతకాదు.

ఇప్పుడు మూల పొడిగా ఉంది. అయినా పొద్దున లేవగానే కాళ్ళు అటే వెళ్తున్నాయి. చేత్తో మట్టి తడిమి చూస్తాను, తడి తగులుతుందేమోనని. తగలదు. ఇంట్లోకి వస్తాను. మళ్ళీ వెళ్తాను. ఆఫీసులో ఫైలు ముందు కూర్చుంటే ఇంటికి పోవాలనిపిస్తుంది, ఇంటికొస్తే ఆఫీసుకి. అన్నం నిలబడే తింటున్నాను.

ఇంక దాన్ని చూడలేను. తాపీమేస్త్రికి చెప్పాను. వచ్చే ఆదివారం మిగిలిన రెండు పొదలూ తీసేసి, మూలంతా ఇటుక పరిచి సిమెంటు చేస్తాడు. మీకు కొమ్మ కావాలంటే ఈలోగా చెప్పండి. ఏది బతుకుతుందో తెలియదు గానీ కోసి పంపిస్తాను.

*

మేడ మీది గది నుంచి, పోస్టాఫీసుకి పరుగెత్తుతూ

మేస్త్రిని ఆపండి.

ఇక ఈ "మీరు", "గారు" నా వల్ల కాదు. వయసులో నాకంటే చిన్నవాడివి, ఏకవచనంలోకి దిగుతున్నా, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం అందగానే చెప్పులేసుకుని ఆ పెద్దాసుపత్రికి వెళ్ళా, చిట్టికి పరీక్షలు చేయించిన చోటికి. ఎందుకంటే నువ్వు రాసింది నాకు కొత్త కాదు. అది పోయిన రోజు నుంచీ నేనూ అదే నమిలి మింగుతున్నా. నీళ్ళు అంతకుముందు నుంచే ఉన్నాయి గానీ, ఆ మూలకి దాన్ని కట్టేసింది నా కొమ్మలే కదా? అది పోయాక నువ్వు ఫోన్లో రమ్మన్నప్పుడల్లా మోకాళ్ళ నొప్పులన్నా. మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఆ పొదల ఎదుటికి రావాలంటే భయం.

డాక్టరు నన్ను గుర్తుపట్టాడు. నా చెవుల పుణ్యమా అని గట్టిగా అరిచి చెప్పాల్సొచ్చింది, పాపం. గదిలో చెప్పిన సంగతి బయట బెంచీల మీద కూర్చున్న రోగులందరికీ చేరింది. ఒకాయనైతే నేను బయటికొచ్చాక "మీ చెల్లెలు మంచి మనిషిలా ఉందమ్మా" అని ఓదార్చాడు కూడా.

సూటిగా అడిగా. "తేమ వల్లే పోయిందా?"

"ఈ జబ్బు తేమతో వచ్చేది కాదమ్మా. ఎందుకొస్తుందో చాలామంది విషయంలో మాకు తెలీదు."

"ఆ మూల ఆరబెట్టి ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేదా?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "దగ్గు కాస్త తగ్గేదేమో. ఉండేదని చెప్పలేను, ఉండేది కాదనీ చెప్పలేను."

నీకు అబద్ధం రాద్దామనుకున్నా. తేమకీ దానికీ ఏ సంబంధమూ లేదని డాక్టరు కొట్టిపారేశాడని రాస్తే నీకు నిద్రపట్టేది, నాకూ పట్టేది. కానీ అబద్ధంతో ఆ మేస్త్రిని ఆపినా నిన్ను ఆపలేను. అందుకే ఉన్నదే రాస్తున్నా.

ఇంకొకటుంది. లేవబోతుంటే ఆయనే అన్నాడు, "ఆ తోట సంగతి మీ చెల్లెలితో నేనే మాట్లాడానమ్మా" అని. నువ్వు సెలవు దొరక్క రాలేకపోయావే, ఆ వారంలో. ఇల్లు మారండి, లేదా ఆ మూలైనా ఆరబెట్టించండి అన్నాడట. చిట్టి ఏమందో ఆయనకింకా గుర్తుంది. అలా అన్న రోగి ఇంకొకరు తగల్లేదట.

"ఊపిరి కావాలని మీ దగ్గరికొచ్చిందే అక్కడ కూర్చోవడానికి డాక్టరు గారూ. ఆ మూల తీసేస్తే ఈ ఊపిరి పట్టుకెళ్ళి ఎక్కడ పెట్టుకోను?"

ఆయన నవ్వాడట. అదీ నవ్విందట. దగ్గుతూ.

దానికి తెలుసు, నాయనా. అన్నీ తెలిసే కూర్చుంది. నీకూ నాకూ చెప్పలేదు. చెప్తే నువ్వు పైపు పట్టుకొస్తావు, నేను రైలెక్కి వచ్చి పొదలు పీకేస్తాను. మనిద్దరి సంగతీ దానికి బాగా తెలుసు.

నాకు కొమ్మ వద్దు. కోసి పంపకు. ఆ పొదలు వాటి చోట ఉంటే చాలు. మేస్త్రిని ఆపు.

వదిన

*

వెనక వసారా

వదినకు,

మీ ఉత్తరం శనివారం సాయంత్రం అందింది.

చదివాక నాకు కోపం వచ్చింది. మీ మీద కాదు. తన మీద. తను పోయాక ఇదే మొదటిసారి. ఒక మనిషి పక్కనే కూర్చుని అన్నీ తేల్చుకుని, నాకు ఒక్క మాట చెప్పకుండా టీలో చక్కెర గురించీ తువ్వాలు గురించీ మాట్లాడుతుందా అని. ఖాళీ కుర్చీ ఎదురుగా నిలబడి పైకే అడిగాను. అవతలి దర్జీ గోడ మీంచి తల పెట్టాడు. "ఎవరితోనండీ?" అన్నాడు. "మా ఆవిడతో" అన్నాను. "అయితే కానివ్వండి" అని తల తీసేశాడు.

ఆదివారం మేస్త్రి బండి మీద ఇటుకా సిమెంటూ వేసుకుని వచ్చాడు. పొదలు తీయడం లేదన్నాను.

"ముందు చెప్పాలి కదండీ. సరుకు దింపాక వద్దంటే ఎలా?"

"వీధి మెట్లు పగిలాయి. అవి కట్టు."

"మెట్లకి ఇంత సరుకెందుకు? ఏనుగునెక్కిస్తారా?" అన్నాడు. అయినా కట్టాడు. మెట్లు గట్టిగా వచ్చాయి. మీరు వచ్చేటప్పుడు మోకాళ్ళకి ఇబ్బంది ఉండదు. శుభ్రంగా ఉన్నాయన్నారు గానీ, అయినా.

అతను పని చేస్తున్నంతసేపూ నేను పొదల దగ్గర ఉన్నాను. బూడిద కలిసిన పైమట్టి వేళ్ళకు తగలకుండా చేత్తో గోకి తీసేశాను. ఎండుటాకులు ఎక్కడ దొరుకుతాయో తెలియలేదు. మా ఆవిడ ఎక్కణ్ణించి తెచ్చేదో ఎప్పుడూ అడగలేదు. దర్జీ భార్య చెప్పింది. వీధి చివర పార్కులో ఊడ్చి పోగేసిన కుప్పలోంచి తెచ్చుకునేదట, కాపలాదారు మా ఆవిడ కోసమే ఒక కుప్ప తగలబెట్టకుండా ఉంచేవాడట. వెళ్ళి అడిగాను. "అమ్మగారు రావట్లేదేంటి?" అన్నాడు. చెప్పాను. అతనే గోనెసంచి నింపి నా భుజాన పెట్టాడు. మాగిన ఆకు వాసన అదే. తన చేతులకు ఉండేది. ఆ సంచితో వీధిలో నడిచి రావడానికి చాలాసేపు పట్టింది.

విడివిడిగా రాస్తాను. గోడవారది పోయింది, తీసేశాను. దాని దిబ్బ అలాగే ఉంచాను. రెండోదాని బెరడు గోటితో గీసి చూశాను. పైన గోధుమరంగు, లోపల పచ్చ. పెద్ద భరోసా కాదు, కానీ పచ్చ. మూడోది ఇంకా పసుపుగానే ఉంది. మట్టి పరీక్షల ఆయన ఇనుము మందు ఇచ్చాడు, నీళ్ళలో కలిపి పోశాను. కోలుకోవడానికి నెలలు పడుతుందన్నాడు. ఈ ఏడాది పూలు ఉండవు. వచ్చే ఏడాది కూడా ఉంటాయో లేదో చెప్పలేను. డాక్టరు గారి మాటలా ఉంది.

బిందెలతో పోస్తున్న నీళ్ళు పైపు పట్టుకుపోతోంది. నేను వేసిన పైపు మంచిది. ఒక్క చుక్క నిలవనివ్వదు.

నీళ్ళు తనని తీసుకుపోయాయన్న మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. మీ డాక్టరూ పూర్తిగా కొట్టిపారేయలేదు. కానీ ఆ మూల నాది కాదు. నాకొదిలేయండి అని తను అడిగింది, వదిలేస్తానని నేను అన్నాను. తను లేదు గనక ఆ మాట చెల్లదు అనుకున్నాను. అలా అని ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం దర్జీకి చెప్పాను, ఇక నీళ్ళు మీ వైపు రావని.

"మళ్ళీ చెరువు మీకేనా?" అన్నాడు.

"మాకే."

"మంచిదండీ. మా ఆవిడకి చెప్తా, కిటికీ తీసుంచమని."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో పూడుకుపోయిన కాలువలు తెరిపించాను గానీ, పారుతున్నదాన్ని మూసిన రోజు లేదు. ఎలా మూయాలో కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. మేస్త్రి వదిలేసి వెళ్ళిన సిమెంటు ఒక చిప్పెడు ఉంది. రేపు ఉదయం ఆఫీసుకి వెళ్ళేముందు పక్కసందులోకి వెళ్ళి, పైపు నోట్లో ఇటుక ముక్క కుక్కి, ఆ సిమెంటు పూస్తాను.

మీ మరిది